కమిలిన దెబ్బకు ఆర్నికా: పువ్వు ఎంచుకోవడం నుంచి పట్టీ వేయడం దాకా

దెబ్బ తగిలి, పైన చర్మం చిట్లకుండా లోపలే నెత్తురు చిమ్మి నల్లగా కమిలిన చోట పూయడానికి యూరప్ కొండ ప్రాంతాల్లో తరతరాలుగా వాడుతున్న పువ్వు ఆర్నికా. శాస్త్రీయ నామం ఆర్నికా మోంటానా. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినదే. ఎండబెట్టిన పూలతో ఇంట్లోనే నూనె, లేపనం, టింక్చర్ (ఆల్కహాల్‌లో ఊరబెట్టి తీసిన సారం) చేసుకోవచ్చు. పని కష్టమైనది కాదు. కానీ ఇందులో మందూ విషమూ ఒకటే పదార్థం కాబట్టి కొలతల దగ్గర చూసీచూడనట్టు వదిలేయడానికి వీల్లేదు.

ఆ పదార్థం పేరు హెలెనాలిన్. దానితో పాటు దాని దగ్గరి బంధువులైన మరికొన్ని రసాయనాలు పువ్వులో ఉంటాయి. వాపును రేపే సంకేతాలను కణాల్లోనే అణచడం వీటి పని. కడుపులోకి పోతే ఇవే వాంతులు, విరేచనాలు, గుండె లయ తప్పడం దాకా తెస్తాయి. తెగిన చర్మం మీద పడితే మంట, బొబ్బలు పుట్టిస్తాయి. అందుకే మొదట మూడు నియమాలు: ఆర్నికా పువ్వును, దానితో చేసిన దేన్నీ తాగకూడదు, మింగకూడదు. చర్మం తెగినా, గీసుకుపోయినా ఆ చోట పూయకూడదు. కళ్ల చుట్టూ, పెదాల మీద, నోట్లో వాడకూడదు.

ఆర్నికా పేరుతో దొరికే హోమియో మాత్రలు వేరే సంగతి. 30సి అని రాసి ఉంటే, వందకు ఒక వంతు చొప్పున ముప్పైసార్లు పలచన చేశారని అర్థం. అందులో పువ్వు తాలూకు పదార్థమే మిగలదు. ఆ మాత్రలు మింగితే ఏమీ కాలేదు కదా అని పూల కషాయం తాగితే ప్రమాదం. కింద చెప్పేదంతా అసలు పువ్వు గురించే.

ఎంతవరకు పనిచేస్తుందో కూడా ముందే తెలుసుకోండి. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో చేతివేళ్ల కీళ్లు అరిగిన 204 మందికి 21 రోజుల పాటు ఆర్నికా జెల్ గానీ, నొప్పి తగ్గించే ఐబుప్రోఫెన్ జెల్ గానీ పూశారు. నొప్పి తగ్గడంలో రెండింటికీ తేడా కనపడలేదు. 2010లో మరొక చిన్న అధ్యయనంలో లేజర్‌తో చర్మాన్ని కమిలేలా చేసి, 20 శాతం ఆర్నికా లేపనాన్ని వట్టి పెట్రోలియం జెల్లీతో పోల్చారు. ఆర్నికా పూసిన చోట కమురు త్వరగా తగ్గింది. మరోవైపు, వ్యాయామం తర్వాత వచ్చే పిక్కల నొప్పి మీద చేసిన ఒక పరీక్షలో ఆర్నికా పూసిన కాలికే మరుసటి రోజు నొప్పి ఎక్కువైంది. కాబట్టి చిన్న దెబ్బకు, బెణుకుకు కొంత ఊరటనిచ్చే పూతగా చూడండి. ఎముక విరిగిందేమోనని అనుమానం ఉన్నచోట దీని మీద ఆధారపడకండి.

సరైన పువ్వు చేతికి రావాలి

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఆర్నికా పేరుతో అమ్మే ఎండు పూలలో వేరే పసుపు పూలు కలుస్తుంటాయి. మెక్సికన్ ఆర్నికా అనే పేరుతో దొరికేది అసలు వేరే మొక్క, హెటెరోథీకా జాతిది. బంతిని పోలిన కలెండులా పూలను కూడా కలుపుతారు.

మొక్క ఎదురుగా ఉంటే గుర్తుపట్టడం తేలిక. నేలకు అతుక్కుని నాలుగైదు ఆకులు గుండ్రంగా పరుచుకుని ఉంటాయి. మధ్యలోంచి 20 నుంచి 60 సెంటీమీటర్ల నూగు కాడ లేస్తుంది. ఆ కాడ మీద ఒకటి రెండు జతల ఆకులే, అవీ ఎదురెదురుగా ఉంటాయి. చామంతి కుటుంబంలో ఇలా ఎదురెదురు ఆకులుండేవి తక్కువ. దీన్ని పోలిన పసుపు పూల మొక్కల్లో చాలావాటికి ఆకులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పువ్వు 5 నుంచి 8 సెంటీమీటర్ల వెడల్పు, రంగు ముదురు నారింజ ఛాయ కలిసిన పసుపు. రేకలు కాస్త చెదిరినట్టు ఉంటాయి. ప్రతి రేక చివర మూడు చిన్న పళ్లు కనిపిస్తాయి.

ఎండు పూలు కొంటున్నట్టయితే గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పోసి, ఒక పువ్వును రెండుగా చీల్చి చూడండి. ఆర్నికా అయితే లోపలి ప్రతి చిన్న పువ్వు అడుగున సన్నటి గింజ, గింజ తలమీద తెల్లటి గరుకు వెంట్రుకల కుచ్చు ఉంటాయి. కలెండులా గింజకు ఆ కుచ్చు ఉండదు, పైగా కొక్కెంలా వంగి ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష చాలు, కలెండులా కల్తీ బయటపడుతుంది. మెక్సికన్ ఆర్నికాకు కూడా కుచ్చు ఉంటుంది కాబట్టి దాన్ని ఇలా పట్టలేం. పొట్లం మీద ఆర్నికా మోంటానా అని పూర్తి శాస్త్రీయ నామం, పంట ఏ సంవత్సరానిదో రాసి ఉందో లేదో చూసుకోండి. వట్టి ‘ఆర్నికా’ అని రాసినది కొనకండి. ఆర్నికా చమిస్సోనిస్ అని రాసి ఉంటే అది ఉత్తర అమెరికా జాతి. సాగు సులభం, వాడకమూ ఇంచుమించు ఇలాగే.

మందుల నాణ్యతకు యూరప్‌లో పాటించే యూరోపియన్ ఫార్మకోపియా ప్రమాణం ప్రకారం ఎండు పూలలో హెలెనాలిన్, దాని బంధు పదార్థాలు కలిపి కనీసం 0.40 శాతం ఉండాలి. పరీక్షా పత్రం ఇచ్చే అమ్మకందారు దొరికితే ఆ అంకె చూసి కొనండి.

చీల్చిన పువ్వు లోపల చిన్న నల్లటి గూళ్లు, తెల్లటి పురుగులు కనపడుతున్నాయా? టెఫ్రిటిస్ ఆర్నికే అనే ఈగ ఈ పువ్వులోనే గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు పువ్వు మధ్యభాగాన్ని తింటూ పెరుగుతాయి. ఒకప్పుడు మందుల తయారీదారులు రేకలను, చిన్న పూలను మాత్రమే పీకి వాడి, అడుగు భాగాన్ని పారేయడానికి కారణం ఇదే. మీరూ అంతే చేయండి. పురుగు ఎక్కువగా ఉన్న సరుకు వెనక్కి ఇచ్చేయండి.

అడవిలో కోయడం గురించి: యూరప్‌లో చాలాచోట్ల ఆర్నికా తగ్గిపోతోంది. యూరోపియన్ యూనియన్ ఆవాసాల చట్టంలో ఐదో అనుబంధంలో ఇది ఉంది, అంటే సేకరణను నియంత్రించవచ్చు. జర్మనీలో రక్షిత మొక్క. ఎరువులు పడ్డ పచ్చికల్లో గడ్డి ఏపుగా పెరిగి దీన్ని కప్పేయడం కూడా తగ్గుదలకు పెద్ద కారణం. సాగు చేసిన పూలు దొరుకుతుండగా కొండల్లో మిగిలినవాటిని కోయడం తగదు.

పెంచుకోవాలంటే

చల్లని వాతావరణం ఉంటేనే ప్రయత్నించండి. ఎండలు మండే మైదానాల్లో ఇది నిలవదు. నేల ఆమ్లగుణంతో ఉండాలి, పీహెచ్ 6 దాటకూడదు. సున్నపు నేలలో ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలి మొక్క చస్తుంది. సున్నం ఎక్కువున్న నీళ్లు పోసినా నెమ్మదిగా అదే జరుగుతుంది, కాబట్టి వాన నీళ్లు మేలు. ఎరువు వేయవద్దు. విత్తనాన్ని మట్టిలో పూడ్చకండి, మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. తడి మట్టి మీద చల్లి వేలితో అదిమి వదిలేస్తే 18 - 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తుంది. పాత విత్తనం త్వరగా శక్తి కోల్పోతుంది, అందుకని కొత్తదే తీసుకోండి. మొదటి ఏడాది ఆకులే, పూత రెండో ఏడాది వస్తుంది. ఒంటరి మొక్క తన పుప్పొడితో తాను సరిగా గింజ కట్టదు. విత్తనం కావాలంటే కొన్ని మొక్కలు కలిపి పెట్టండి.

ఎండబెట్టడం

పువ్వు పూర్తిగా విచ్చుకున్న మొదటి రెండు మూడు రోజుల్లో, మంచు ఆరాక, పొడి రోజున కోయండి. ఆలస్యం చేస్తే ఎండే సమయంలోనే పువ్వు గింజగా మారడం మొదలుపెట్టి, వెంట్రుకల కుచ్చు ఉబ్బి, పళ్లెం నిండా దూదిలా తయారవుతుంది. ఆ సరుకు పనికిరాదని కాదు, కానీ వడకట్టడం నరకమవుతుంది.

చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. ఎండు ఆర్నికా నలిపినప్పుడు లేచే దుమ్ము తుమ్ములు తెప్పిస్తుంది. ఒకసారి చర్మానికి ఎలర్జీ మొదలైతే జీవితాంతం ఉండిపోవచ్చు.

పూలను ఒకే వరుసగా, ఒకదాని మీద ఒకటి పడకుండా జాలీ పళ్లెం మీద పరచండి. నీడలో, గాలి ఆడేచోట పెట్టండి. యంత్రంలో అయితే 40 డిగ్రీలు దాటనివ్వకండి. పదేపదే కలియబెట్టకండి, రాలిపోతాయి. రేకలు మొదటి రోజే కరకరలాడతాయి. చాలామంది అక్కడితో ఎండిపోయిందనుకుని సీసాలో పోసేస్తారు. కానీ తడి దాక్కునేది పువ్వు మధ్యలో ఉండే దిండు లాంటి భాగంలో. దాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగకుండా పటుక్కున విరగాలి. అప్పుడే ఎండినట్టు. 100 గ్రాముల పచ్చి పూలు దాదాపు 20 గ్రాములకు వస్తాయి. ముందు తూచి పెట్టుకుంటే ఈ లెక్క కూడా ఒక ఆధారం.

నూనె

కొలత: ఎండు పూలు 1 వంతు, నూనె 5 వంతులు. బరువుతోనే కొలవండి. 40 గ్రాముల పూలకు 200 గ్రాముల నూనె. కప్పులతో కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే తేలికైన ఈ పూలు ఎంత అదిమితే అంత లోపలికి పోతాయి. నూనె ఆలివ్, పొద్దుతిరుగుడు, నువ్వులు, బాదం ఏదైనా సరే, తాజాగా ఉండాలి, ఘాటు వాసన లేనిదైతే మంచిది.

పచ్చి పూలు వాడకండి. వాటిలోని నీరు నూనె అడుగున చేరి బూజుకు, పులుపు వాసనకు దారి తీస్తుంది. సీసా, గరిటె, గుడ్డ అన్నీ పొడిగా ఉండాలి. కడిగి తుడిచిన సీసా చాలదు. మూత తీసి పొయ్యి పక్కనో ఎండలోనో పెట్టి పూర్తిగా ఆరనివ్వండి.

వేడితో చేసే పద్ధతి:

1. పూలను చేత్తో కాస్త నలిపి గాజు గిన్నెలో వేయండి. పొడి చేయకండి. పొడి చేస్తే సన్న వెంట్రుకలు నూనెలో కలిసిపోయి ఏ గుడ్డకూ ఆగవు.
2. నూనె పోసి గరిటెతో అదుముతూ కలపండి. 5 వంతుల నూనె మొదట చాలనట్టే కనిపిస్తుంది. పది నిమిషాలు ఆగి మళ్లీ అదిమితే పూలు తడిసి దిగుతాయి. అప్పటికీ పైన పొడిగా ఉంటే కొంచెం నూనె పోసి, ఎంత పోశారో రాసిపెట్టుకోండి. తర్వాత లేపనం లెక్కకు అది కావాలి.
3. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి సన్న మంట మీద పెట్టి, అందులో గాజు గిన్నె ఉంచండి. నూనె వేడి 50 - 60 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే గుర్తు ఇది: గిన్నె అంచు వేలికి చురుక్కుమనాలి గానీ, నూనెలో బుడగలు రాకూడదు, పువ్వు రంగు గోధుమ రంగుకు తిరగకూడదు.
4. మూడు నాలుగు గంటలు అలాగే ఉంచి, అరగంటకోసారి కలపండి. నీళ్ల ఆవిరి నూనెలో పడకుండా మూత విషయంలో జాగ్రత్త. మూత లోపల చేరిన చుక్కలు కారితే పైన చెప్పిన బూజు కథే మొదలవుతుంది. మూతకు బదులు పల్చని గుడ్డ కప్పండి.
5. దించి గోరువెచ్చగా అయ్యాక వడకట్టండి.

వేడి లేకుండా చేయాలంటే అవే పాళ్లు సీసాలో వేసి, పూలు నూనెలో మునిగి ఉండేలా చూసి, వెచ్చని చోట నీడలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. రెండు రోజులకోసారి కదపండి. ఎండలో పెట్టాలని చాలాచోట్ల చెబుతారు. వెలుతురు నూనెను త్వరగా పాడుచేస్తుంది కాబట్టి సీసాకు ముదురు కాగితం చుట్టడం మంచిది. నూనె పైకి తేలిన పువ్వు మీదే బూజు పుడుతుంది. తెల్లగానో ఆకుపచ్చగానో మచ్చ కనిపిస్తే పైది తీసేసి మిగతాది వాడదామనుకోకండి. మొత్తం పారేయండి.

వడకట్టడం దగ్గర ఓపిక కావాలి. మొదట స్టీలు జల్లెడ, తర్వాత దట్టమైన నూలు గుడ్డ, చివరగా కాఫీ ఫిల్టర్ కాగితం. ఎందుకింత అంటే, గింజల మీది వెంట్రుకలు గరుకుగా ఉండి, నూనెతో పాటు చర్మానికి రుద్దుకుంటే దురద పుట్టిస్తాయి. మందు పడలేదనుకుని మానేసినవాళ్లలో కొందరిది నిజానికి ఈ వెంట్రుకల దురదే. గుడ్డ మూట కట్టి గట్టిగా పిండితే నూనె బాగా వస్తుంది, దాంతో పాటు మడ్డి కూడా వస్తుంది. పిండిన నూనెను విడిగా ఒక రాత్రి కదలకుండా ఉంచి, పైనున్న తేట నూనెను మాత్రం ఒంపుకోండి. వెలుతురుకు పట్టి చూస్తే సన్న పోగులు ఈదుతూ కనిపించకూడదు. 200 గ్రాముల్లో 140 - 160 గ్రాములు చేతికొస్తే బాగా చేసినట్టే.

లేపనం

వడకట్టిన నూనెలో నేరుగా మైనం కరిగించి డబ్బాలో పోసుకునే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. మా అభిప్రాయంలో అది మరీ ఘాటు. జర్మనీ ప్రభుత్వం మూలికా మందుల మీద వేసిన కమిషన్ ఇ 1984లో ఇచ్చిన సూచనల ప్రకారం, 1:5 పాళ్లలో చేసిన ఆర్నికా నూనె లేపనంలో 15 శాతం మించకూడదు. ఘాటు పెంచితే కమురు త్వరగా తగ్గుతుందన్న భరోసా లేదు, చర్మం రేగడం మాత్రం పెరుగుతుంది.

100 గ్రాముల లేపనానికి:
- ఆర్నికా నూనె 15 గ్రాములు
- మామూలు నూనె 70 గ్రాములు
- తేనెమైనం 15 గ్రాములు

మైనం 62 - 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మామూలు నూనెను, మైనాన్ని కలిపి నీళ్ల గిన్నె మీద పూర్తిగా కరిగించండి. దించి, అప్పుడు ఆర్నికా నూనె పోసి కలపండి. చల్లని నూనె తగలగానే మైనం అక్కడక్కడా తెల్లగా గడ్డకట్టవచ్చు. ఒక్క నిమిషం మళ్లీ వేడి చూపిస్తే కరిగిపోతుంది. డబ్బాల్లో పోసేముందు ఒక చెంచా లేపనాన్ని చల్లటి పళ్లెం మీద వేసి అయిదు నిమిషాలు ఆగి వేలితో నొక్కండి. వేలు తేలిగ్గా దిగి, తీశాక గుంట నిలవాలి. జారిపోతే రెండు గ్రాముల మైనం, రాయిలా ఉంటే అయిదారు గ్రాముల మామూలు నూనె కలపండి. వేడి ఎక్కువగా ఉండే చోట మైనం 18 గ్రాములకు పెంచి, మామూలు నూనెను 67కు తగ్గించండి. గట్టి లేపనంతో అసలు ఇబ్బంది ఏంటంటే, పూయడానికి బలంగా రుద్దాల్సి వస్తుంది. కమిలిన చోట రుద్దడమే చేయకూడని పని.

డబ్బాల మూతలు పూర్తిగా చల్లారాకే పెట్టండి. లేకపోతే మూత కింద నీటి చుక్కలు చేరతాయి.

టింక్చర్, తడి పట్టీ

ఆర్నికాలోని పదార్థాలు నీటిలో సరిగా కరగవు, ఆల్కహాల్‌లో బాగా కరుగుతాయి. అందుకే అన్ని రకాల్లో టింక్చరే బలమైనది, ఎక్కువ కాలం నిలిచేదీ అదే. పాళ్లు 1:10, బరువులో. 20 గ్రాముల పూలకు 200 గ్రాముల ఆల్కహాల్, అంటే దాదాపు 225 మి.లీ.

70 శాతం ఇథనాల్ కావాలి. 96 శాతం ఉన్నది దొరికితే 365 మి.లీ. తీసుకుని, కాచి చల్లార్చిన నీళ్లతో 500 మి.లీ. చేయండి. 40 శాతం ఉన్న తాగే మద్యంతో చేస్తే చెడిపోదు గానీ పువ్వులోని సారం తక్కువగా దిగుతుంది. పారిశ్రామిక స్పిరిట్, పెయింట్ పలచన చేసే స్పిరిట్ వాడకండి. వాటిలో మిథనాల్ వంటివి కలుపుతారు, చర్మం గుండా కూడా అవి లోపలికి వెళ్తాయి. సరైన ఇథనాల్ దొరకనప్పుడు నూనెతో సరిపెట్టుకోవడమే మంచిది.

వెడల్పు మూతి గాజు సీసాలో పూలు వేసి, ఆల్కహాల్ పోసి, మూత బిగించి, చీకట్లో రెండు వారాలు ఉంచండి. రోజూ ఒకసారి ఊపండి. పూలు పైకి తేలుతాయి. ఊపడం మానేస్తే పై పొర ఆరి సారం దిగదు. తర్వాత నూనెకు చెప్పినట్టే గుడ్డ, కాగితంతో వడకట్టి ముదురు రంగు సీసాలో పోయండి. సీసా మీద పెద్ద అక్షరాలతో ‘పైపూతకు మాత్రమే, తాగకూడదు’ అని రాయండి. మంట దగ్గర పెట్టకండి.

ఈ టింక్చర్‌ను నేరుగా చర్మం మీద పోయడం చాలామంది చేసే తప్పు. బొబ్బలు లేస్తాయి, మరీ ఎక్కువసేపు ఉంచితే అక్కడి చర్మం చచ్చిపోవడం కూడా జరిగింది. పట్టీకి నీళ్లతో 3 నుంచి 10 రెట్లు పలచన చేయాలి. మొదటిసారి పలచనదే వాడండి: 5 మి.లీ. టింక్చర్‌కు 50 మి.లీ. చల్లటి నీళ్లు. చర్మం ఏమీ అనకపోతే తర్వాత 5 మి.లీ.కు 25 దాకా రావచ్చు. అంతకంటే ఘాటు ఇంట్లో అక్కర్లేదు. కలిపినప్పుడు నీళ్లు కాస్త మసకబారితే కంగారు పడకండి. ఏ పూటకు ఆ పూటే కలుపుకోండి.

నూలు గుడ్డను అందులో ముంచి, నీళ్లు కారకుండా పిండి, కమిలిన చోట పరిచి 15 - 20 నిమిషాలు ఉంచి తీసేయండి. రోజుకు రెండు మూడుసార్లు చాలు. గుడ్డ మీద ప్లాస్టిక్ చుట్టకండి, గాలి ఆడక మందు లోపలికి ఎక్కువగా దిగి చర్మం రేగుతుంది. రాత్రంతా కట్టి ఉంచడమూ వద్దు.

టింక్చర్ లేకపోతే పూల నీళ్లతోనూ పట్టీ వేయవచ్చు. 2 గ్రాముల పూల మీద 100 మి.లీ. మరిగిన నీళ్లు పోసి, పది నిమిషాలు మూత పెట్టి, గుడ్డతో వడకట్టి పూర్తిగా చల్లార్చండి. బలం తక్కువ. అదే రోజు వాడేసి మిగిలింది పారబోయండి. ఇది చూడ్డానికి టీలా ఉంటుంది కాబట్టి తయారు చేసిన గ్లాసును వంటింటి గట్టు మీద వదిలి వెళ్లకండి.

ముందు చర్మాన్ని పరీక్షించండి

చామంతి, బంతి, పొద్దుతిరుగుడు వంటివి పడనివాళ్లకు ఆర్నికా కూడా పడకపోవచ్చు. ముఖ్యంగా వయ్యారిభామ మొక్క తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. ఆ మొక్కలో దద్దుర్లు తెప్పించేవీ, ఆర్నికాలో పనిచేసేవీ ఒకే తరగతి రసాయనాలు.

మిగతావాళ్లు దెబ్బ తగలకముందే, తయారు చేసిన రోజే పరీక్ష చేసుకోండి. మోచేతి లోపలి వైపు లేపనాన్ని గానీ, పట్టీకి పలచన చేసిన టింక్చర్‌ను గానీ రూపాయి బిళ్లంత మేర పూసి, కడగకుండా రెండు రోజులు చూడండి. ఎలర్జీ ఎరుపు గంటలోనే రావాలని లేదు, రెండో రోజు కూడా రావచ్చు. దురద, చిన్న గుల్లలు కనిపిస్తే సబ్బుతో కడిగేసి ఆ సీసాను ఇంకెవరికైనా ఇవ్వండి, మీరు మాత్రం మళ్లీ ప్రయత్నించకండి. ఎలర్జీ రెండోసారి ఇంకా గట్టిగా వస్తుంది.

12 ఏళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు డాక్టరును అడగకుండా వాడకండి.

దెబ్బ తగిలాక ఎప్పుడు ఏం చేయాలి

దెబ్బ తగిలిన వెంటనే చేయాల్సిన పని ఆర్నికా పూయడం కాదు, చల్లదనం పెట్టడం. చిట్లిన సన్న నాళాల్లోంచి నెత్తురు ఇంకా కారుతూనే ఉంటుంది. గుడ్డలో చుట్టిన ఐసును 15 నిమిషాలు పెట్టండి. రెండు మూడు గంటలకోసారి మళ్లీ పెట్టవచ్చు. ఐసు నేరుగా చర్మానికి తగలనీయకండి. దెబ్బ తగిలింది కాలికో చేతికో అయితే గుండె కంటే ఎత్తులో దిండు మీద పెట్టుకోండి.

ఆ తర్వాత చోటును బాగా పరిశీలించండి. చర్మం ఎక్కడా తెగలేదని, సన్న గీత కూడా లేదని తేలితే చల్లటి ఆర్నికా పట్టీ మొదలుపెట్టవచ్చు. మొదటి రెండు రోజులు పట్టీయే మేలు, ఎందుకంటే అది చల్లగా ఉంటుంది, రుద్దే పని ఉండదు. వేడి కాపడం ఈ రెండు రోజుల్లో వద్దు, నాళాలు వెడల్పయి ఇంకా నెత్తురు చేరుతుంది.

మూడో రోజు నుంచి లేపనం. బఠాణీ గింజంత తీసుకుని, కమురు అంచుల మీద, మధ్యలో చుక్కలుగా పెట్టి, వేలి మొనతో బరువు వేయకుండా పరచండి. రోజుకు రెండు మూడుసార్లు. పూశాక చేతులు సబ్బుతో కడగాలి, లేకపోతే ఆ వేలితోనే కన్ను నలుపుకుంటారు.

ఎరుపు, నీలం, నలుపు దాటి కమురు ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారుతుంది. చర్మం కింద చేరిన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను శరీరం విడగొట్టుకుంటున్న క్రమం అది. ఆకుపచ్చ రంగు బిలివెర్డిన్‌ది, పసుపు బిలిరుబిన్‌ది. ఆకుపచ్చ చూసి చీము పట్టిందని బెదరక్కర్లేదు. పసుపు రంగు వచ్చిందంటే మానుతోందని అర్థం, ఆ దశలో ఆర్నికా ఆపేయవచ్చు. మామూలు కమురు ఏం పూయకపోయినా రెండు వారాల్లో పోతుంది.

నొప్పి, వాపు మూడు నాలుగు రోజులకూ తగ్గకపోతే పూతలు పెంచకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. కొన్ని దెబ్బలకు అంత కూడా ఆగకూడదు: తలకు తగిలినప్పుడు; కాలు మోపలేనప్పుడు, కీలు కదలనప్పుడు; కమిలిన చోట చర్మం బిగిసి, దెబ్బకు మించిన నొప్పి వస్తూ వేళ్లు తిమ్మిరెక్కినప్పుడు; పొట్టమీదో నడుంమీదో గట్టి దెబ్బ తగిలినప్పుడు. దెబ్బ గుర్తే లేకుండా ఒంటిమీద కమురు మచ్చలు తరచూ వస్తున్నా, నెత్తురు పలచబడే మందులు వాడుతున్నవాళ్లకు కమురు పెరుగుతూ పోతున్నా అది రక్తపరీక్ష చేయించాల్సిన విషయం.

పూసిన చోట మంట, ఎరుపు, గుల్లలు వస్తే వెంటనే సబ్బు నీళ్లతో కడిగి ఆపేయండి. ఎవరైనా టింక్చర్‌ను గానీ పూల నీళ్లను గానీ మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, సీసా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

నిల్వ

ఎండు పూలు గాలి చొరని డబ్బాలో, చీకట్లో ఏడాది. నూనె, లేపనం చల్లని చోట ఆరు నెలల నుంచి ఏడాది. నూనె వడకట్టగానే 200 గ్రాములకు 1 గ్రాము విటమిన్ ఇ నూనె కలిపితే పాతబడటం కొంత ఆలస్యమవుతుంది. అయితే అది బూజును ఆపదు, తడి తగలకుండా పొడిగా ఉంచడమే బూజుకు మందు. టింక్చర్ మూడేళ్లు ఉంటుంది. ప్రతి సీసా మీద పువ్వు శాస్త్రీయ నామం, పాళ్లు, తయారు చేసిన తేదీ రాయండి. పాళ్లు రాయని ఆర్నికా నూనె ఇంకొకరికి ఇవ్వకండి, వాళ్లు దాన్ని ఎంత పలచన చేయాలో తెలుసుకునే దారి ఉండదు. మూత తీయగానే పాత నూనె వాసన వస్తే, లేదా లేపనం మీద చుక్కలు కనిపిస్తే పారేసి కొత్తది చేసుకోండి. తీసుకునేటప్పుడు తడి వేలు పెట్టకుండా పొడి చెంచా వాడితే ఆ పరిస్థితి త్వరగా రాదు.